పాత లాగిన్ మూతపడేలోగా

చిరంజీవి వంశీకి,

కొత్త ఉద్యోగంలో కుదురుకున్నావని మీ నాన్న చెప్పాడు. స్మాల్ బిజినెస్ లియజాన్ ఆఫీసర్ అంటే ఏం పనిరా అని అడిగితే "పెద్ద కంపెనీలో కూర్చుని చిన్న కంపెనీల లెక్క చూసే పని" అన్నావట. బాగా చెప్పావు. అదే మాట మీ ప్రోగ్రామ్ మేనేజర్ల చెవిన కూడా వెయ్యి, వాళ్ళలో చాలామందికి నువ్వెందుకు ఉన్నావో తెలీదు.

నీ మెసేజ్ చూశాను. "సబ్‌కాంట్రాక్టు రిపోర్టులు వేసే ఈఎస్ఆర్ఎస్ సైట్ తీసేసి అంతా ప్రభుత్వ కాంట్రాక్టర్ల పోర్టల్ శామ్‌లో కలిపేస్తారట, ట్రైనింగ్ వీడియోలు ఎక్కడ దొరుకుతాయి అత్తా?" అని అడిగావు. శామ్ నడిపే ప్రభుత్వ సంస్థ జీఎస్ఏ వాళ్ళే పెడతారు, ఓ మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతాయి. ఏ బటన్ ఎక్కడుందో రెండోసారికి చెయ్యే నేర్చుకుంటుంది. ఆ గళ్ళలో నింపే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగితే ఠక్కున కాగితం తీసి చూపించే మనిషి మీ ఆఫీసులో ఎవరున్నారు? నాకు తెలిసినంతవరకు ఇప్పటికైతే ఎవరూ లేరు, ఉన్నావిడ రిటైరైతేనే నిన్ను తీసుకున్నారు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఆఫీసులో పక్కన పెట్టుకో.

ముందు ఈ తతంగం ఎందుకు పుట్టిందో చూడు. 1978లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, పబ్లిక్ లా 95-507. పెద్ద ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకునే పెద్ద కంపెనీ, అందులో సబ్‌కాంట్రాక్టుకిచ్చే పనిలో చిన్న కంపెనీలకి ఎంత వాటా దక్కుతుందో ముందే ప్లాన్ రాసివ్వాలని. ఆ ప్లాన్ కాంట్రాక్టులో భాగమైపోతుంది. మామూలు చిన్న కంపెనీలు, వెనకబడిన వర్గాలవాళ్ళవి, ఆడవాళ్ళవి, వెనకబడిన ప్రాంతాలుగా గుర్తించిన హబ్‌జోన్‌లో ఉన్నవి, మాజీ సైనికులవి, సర్వీసులో దెబ్బతిన్న సైనికులవి అని విడివిడిగా లక్ష్యాలుంటాయి. ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకున్నావో ఎప్పటికప్పుడు చెప్పాలి కదా, దానికే రిపోర్టు. ఒకప్పుడు అది 294, 295 నంబర్ల కాగితం ఫారాల మీద వెళ్ళేది. 2005లో ఈఎస్ఆర్ఎస్ వచ్చి కాంట్రాక్టువారీ 294ని ఐఎస్ఆర్ అంది, ఏజెన్సీవారీ 295ని ఎస్ఎస్ఆర్ అంది. ఇప్పుడు అదే లెక్క ఇంకో గుమ్మంలోంచి వెళ్తుంది. అంతే మార్పు.

ఈ విలీనం కూడా కొత్తదేం కాదు. జీఎస్ఏ పది పాత వ్యవస్థల్ని ఒక్కొక్కటే శామ్‌లోకి తెచ్చే పని ఏళ్ళ తరబడి చేస్తూనే ఉంది. 2012లో సీసీఆర్, ఓర్కా, ఈపీఎల్ఎస్ మూడూ కలిపి మొదటి శామ్ తయారుచేశారు. 2022 ఏప్రిల్ 4న కంపెనీల్ని గుర్తించే డన్స్ నంబర్ పోయి పన్నెండు అక్షరాల యూఈఐ వచ్చింది. 2025 మార్చిలో ఎఫ్ఎస్ఆర్ఎస్ మూసేసి దాని పని శామ్‌కి ఇచ్చారు. ప్రతిసారీ ఒకే తంతు. నెలల ముందునుంచీ నోటీసులు వస్తాయి, ఎవరూ చదవరు, ఆఖరి వారంలో హెల్ప్‌డెస్క్ ఫోన్ దొరకదు.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది, నీకే కాదు, మీ ఫైనాన్స్ డైరెక్టర్‌కీ ఉంటుంది. "సబ్‌కాంట్రాక్టు రిపోర్టింగ్ శామ్‌లోకి 2025లోనే వెళ్ళిపోయింది కదా, మళ్ళీ ఏంటి?" అంటాడు. అప్పుడు వెళ్ళింది ఎఫ్ఎస్ఆర్ఎస్. అది 2006 నాటి పారదర్శకత చట్టం కిందది. నువ్వు నేరుగా ఇచ్చిన సబ్‌కాంట్రాక్టుల్లో పరిమితి దాటినవి ఒక్కొక్కటీ ఎవరికి, ఎంత, దేనికి అని చూపించాలి, అది యూఎస్ఏ స్పెండింగ్ అనే ప్రభుత్వ సైట్‌లో లోకమంతా చూస్తుంది. ఈఎస్ఆర్ఎస్‌లో పేర్లు ఉండవు. వర్గాలవారీ మొత్తాలు ఉంటాయి, వాటి పక్కన నువ్వు ఒప్పుకున్న లక్ష్యాలు ఉంటాయి. చూసేది కాంట్రాక్టింగ్ ఆఫీసరూ, ఏజెన్సీ చిన్న వ్యాపారాల విభాగమూ, చిన్న వ్యాపారాల కోసమే ఉన్న ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ వాళ్ళూ. అయితే వంశీ, రెండూ ఒకే గూటికి చేరాక ఒక సంగతి మారుతుందని నా అనుమానం. పేర్లవారీ లెక్కా, వర్గాలవారీ లెక్కా పక్కపక్కన ఉంటే, అవి ఎందుకు పొసగలేదని అడగడం ఎవరికైనా సులువు. పొసగకపోవడానికి న్యాయమైన కారణాలు బోలెడు ఉంటాయి, పరిమితి కింద ఉన్న చిన్న చిన్న కొనుగోళ్ళు పేర్లవారీ లెక్కలో రానే రావు. కాకపోతే ఆ కారణాలు నీకు ముందే తెలిసుండాలి. ఎవరూ అడక్కముందే నీ అంతట నువ్వు ఒకసారి రెండిటినీ పక్కన పెట్టుకుని చూడు.

తెలంగాణలో భూముల రికార్డులకి ధరణి పోర్టల్ వచ్చినప్పటి సంగతి గుర్తుంది కదా? పాత రికార్డులో ఇంటిపేరు తప్పుంటే కొత్త పోర్టల్లోనూ అదే తప్పుతో ఎక్కింది, దిద్దించుకోవడానికి రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. ఇక్కడా అంతే. పాతదాంట్లో సరిగా లేనిది కొత్తదాంట్లోకి వచ్చాక దిద్దడం పది రెట్లు కష్టం. కాబట్టి పాత లాగిన్ పనిచేస్తుండగానే చెయ్యాల్సిన పనులు ఉన్నాయి.

మొదట లోపలికి వెళ్ళి మీ కంపెనీ ఇప్పటిదాకా వేసిన ప్రతి రిపోర్టూ పీడీఎఫ్‌గా దింపుకో. ప్రభుత్వం డేటా తరలిస్తుంది, నిజమే. ఎవరి ఇంటి కాగితాలు వాళ్ళ బీరువాలో ఉండాలి. దింపిన ఫైలుకి కాంట్రాక్టు నంబరు, ఏ ఆరునెలల లెక్కదో అదీ పేరుగా పెట్టు. "ఫైనల్ ఫైనల్ 2" లాంటి పేర్లు పెట్టావో, మీ అమ్మతో చెప్తాను.

దింపుతున్నప్పుడే ప్రతి రిపోర్టు పక్కనా స్టేటస్ చూడు. ఒప్పుకున్నారా, తిప్పి పంపారా, ఇంకా ఎవరూ ముట్టుకోలేదా? ప్రభుత్వం వైపువాళ్ళు రిపోర్టు కాలం ముగిసిన తేదీనుంచి 60 రోజుల్లో ఒప్పుకోవడమో తిప్పి పంపడమో చెయ్యాలి. చెయ్యరు, అన్నిసార్లూ చెయ్యరు. తిప్పి పంపింది ఒక్కటి ఉన్నా దిద్ది మళ్ళీ వేసెయ్. నువ్వు చేరకముందు వేసిన రిపోర్టు కాబట్టి నీది కాదనుకోకు, సిస్టమ్ దృష్టిలో కంపెనీ ఒక్కటే. డ్రాఫ్టులో సగం నింపి వదిలేసినవి ఉంటే పూర్తిచెయ్యి, లేదా తీసెయ్.

తిప్పి పంపినవి తెరిస్తే నూటికి తొంభైపాళ్ళు ఒకే తప్పు కనపడుతుంది. ఐఎస్ఆర్‌లో వెయ్యాల్సింది కాంట్రాక్టు మొదలైన రోజునుంచి ఇప్పటివరకు పేరుకున్న మొత్తం. జనం ఆరునెలల మొత్తం వేస్తారు. ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు నేనే వేసుకున్నవి. మార్చి 31కి చిన్న కంపెనీలకి 12 లక్షల డాలర్లు అని వేశావనుకో. తర్వాతి ఆరునెలల్లో ఇంకో 3 లక్షలు ఇచ్చావు. సెప్టెంబర్ 30 రిపోర్టులో 15 లక్షలు ఉండాలి. 3 లక్షలు వేస్తే చూసేవాడికి 9 లక్షలు మాయమైనట్టు కనిపిస్తుంది. ఎస్ఎస్ఆర్ దీనికి విరుద్ధం, అందులో ఆ ఫిస్కల్ సంవత్సరం లెక్క మాత్రమే, అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా, ఏజెన్సీకి ఒకటి చొప్పున. రెండిటినీ ఒకే స్ప్రెడ్‌షీట్ ట్యాబ్‌లో పెట్టుకునే ఆఫీసులో ఈ తప్పు పోదు. నువ్వు రెండు ట్యాబ్‌లు పెట్టు.

ఇంకొన్ని. మీ గ్రూపులోనే ఉన్న అనుబంధ కంపెనీకి ఇచ్చిన పని ఈ లెక్కలోకి రాదు. పరోక్ష ఖర్చులు, అంటే ఆఫీసు సరుకులూ జానిటర్లూ లాంటివి, ప్లాన్‌లో లక్ష్యం వేసేటప్పుడు కలుపుకుని ఉంటేనే ఐఎస్ఆర్‌లో కలపాలి. ప్లాన్ తీసి చదివితే ఒక వాక్యంలో ఉంటుంది. ప్లాన్ ఎక్కడుందో తెలియని ఆఫీసులు ఉన్నాయి, మీది అలాంటిది కాకూడదు. ఆ ఆరునెలల్లో ఒక్క సబ్‌కాంట్రాక్టు ఇవ్వకపోయినా రిపోర్టు వెయ్యాలి. "ఏమీ లేదు కదా అని వదిలేశాం" అన్న జవాబు కాంట్రాక్టింగ్ ఆఫీసర్లకి ఒళ్ళు మండిస్తుంది.

లాగిన్ల సంగతికొద్దాం. ఎఫ్ఎస్ఆర్ఎస్ మారినప్పుడు ఎక్కువమందిని ఏడిపించింది ఇదే. పాత సైట్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నీ ఇష్టం. శామ్‌లోకి లాగిన్ డాట్ గవ్ ద్వారా వెళ్ళాలి, ఫోన్‌కో యాప్‌కో కోడ్ వస్తుంది. లోపలికెళ్ళడం ఒక ఎత్తు, మీ కంపెనీ తరఫున రిపోర్టు వేసే హక్కు ఉండడం ఇంకో ఎత్తు. ఆ హక్కు మీ కంపెనీ ఎంటిటీ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వాలి. ఆయనెవరో కనుక్కో, ఇవాళే. చాలా కంపెనీల్లో ఆ పేరు ఎప్పుడో మానేసి వెళ్ళినాయనది, మెయిల్ చచ్చిపోయిన అడ్రస్‌ది. కొత్త అడ్మినిస్ట్రేటర్ని పెట్టాలంటే నోటరీ చేయించిన ఉత్తరం పంపి ఎదురుచూడాల్సి రావచ్చు. గడువు వారంలో ఆ పని పెట్టుకోకూడదు. ఇద్దరు ఉండేట్టు చూడు. నువ్వు సంక్రాంతికి ఊరెళ్ళినా, ఇంకొకరు పెళ్ళి సెలవులో ఉన్నా పని ఆగకూడదు. నీకు సొంత జీమెయిల్‌తో లాగిన్ డాట్ గవ్ ఖాతా ఒకటి ఇప్పటికే ఉందేమో, గ్లోబల్ ఎంట్రీకి చేసుకుని ఉంటావు. అది వాడకు, ఆఫీసు మెయిల్‌తో వేరే చేసుకో.

యూఈఐ కూడా చూసుకో. మీ కంపెనీకి ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయా? రెండు కంపెనీలు కలిసి మీ కంపెనీ అయింది కాబట్టి ఉండి తీరతాయి. ఏ కాంట్రాక్టు ఏ యూఈఐ కింద ఉందో కాంట్రాక్టు మొదటి పేజీతోనూ శామ్ రిజిస్ట్రేషన్‌తోనూ పోల్చుకో. రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి రెన్యూ చెయ్యాలి, తేదీ క్యాలెండర్లో పెట్టు. ఇలాంటి మార్పులప్పుడు "మీ శామ్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, వెంటనే కట్టండి" అని మెయిళ్ళు వర్షంలా పడతాయి. శామ్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. కట్టమన్నవాడెవడైనా సరే డిలీట్ చెయ్.

సబ్‌కాంట్రాక్టర్ల జాబితా మాత్రం నింపాదిగా కూర్చుని చెయ్యాల్సిన పని. అకౌంట్స్ పేయబుల్‌లో ఉన్న వెండర్ లిస్టు తెప్పించుకో. ఒక్కో కంపెనీ పక్కనా ఈ నాలుగూ రాయి. యూఈఐ, ఏ నాయిక్స్ (పరిశ్రమ) కోడ్ కింద పని ఇచ్చారు, చిన్న కంపెనీ అని ఎప్పుడు రాసిచ్చింది, ఆ కాగితం ఏ ఫోల్డర్లో ఉంది. "చిన్న" అన్నది కంపెనీ ఒంటి మీద పచ్చబొట్టు కాదు. ఒక కోడ్‌లో చిన్నదైనది ఇంకో కోడ్‌లో పెద్దది కావచ్చు. ఆ సబ్‌కాంట్రాక్టు కోసం తాను చిన్నదాన్నని చెప్పిన రోజున చిన్నదేనా అన్నది లెక్క. గత ఏడాది చిన్నగా ఉండి ఇచ్చిన పని లెక్కలో అలాగే ఉంటుంది. ఈ మధ్య దాన్ని ఓ పెద్ద కంపెనీ కొనేసి, నువ్వు మళ్ళీ కొత్త పని ఇస్తే మాత్రం మళ్ళీ అడగాలి. మీ వెండర్ సిస్టమ్‌లో ఆ గడి ఒకసారి టిక్ పెట్టి జన్మలో మార్చకుండా ఉంచుతారు. అదే అసలు రోగం. హబ్‌జోన్ అయితే వాళ్ళ మాట సరిపోదు, ఎస్‌బీఏ సర్టిఫికెట్ ఉండాలి, నువ్వే వెతికి చూసి ఆ రోజు తేదీతో ప్రింటు తీసి పెట్టుకో.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. హెర్న్‌డన్, ఆష్‌బర్న్, కొలంబియా లాంటి వాషింగ్టన్ దగ్గరి ఊళ్ళ చుట్టూ తెలుగువాళ్ళ ఐటీ కంపెనీలు ఎన్నున్నాయో నీకు తెలుసు. ఉపఖండ ఆసియన్లు అనే వర్గం ఎస్‌బీఏ నిబంధనల్లో ఉంది, అందులో భారతీయులూ వస్తారు. ఆ దారిలో పైకొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, కష్టపడి వచ్చారు. 2023 జూలైలో టెన్నెసీలోని ఫెడరల్ కోర్టు తీర్పు తర్వాత, ఫలానా వర్గంలో పుట్టాం అన్నంత మాత్రాన ఎస్‌బీఏ వాళ్ళ 8(ఏ) కార్యక్రమంలో చేర్చుకోవడం ఆగింది, ఎవరి కథ వాళ్ళు రాసి నిరూపించుకోవాలి. ఈ మార్పు తెలియకుండానే "మాది డిసడ్వాంటేజ్డ్ కంపెనీ" అని పాత అలవాటుగా రాసిచ్చేవాళ్ళు ఇప్పటికీ తగుల్తారు. ఉగాది పంక్తిలో పక్కన కూర్చుని "మనవాడివేగా, స్మాల్ అని వేసెయ్, కాగితం తర్వాత పంపిస్తాను" అనేవాళ్ళూ తగుల్తారు. పులిహోర వడ్డించు, టిక్ మాత్రం పెట్టకు. సైజు గురించి తెలిసి అబద్ధం రాస్తే చట్టంలో 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, పదేళ్ళ దాకా జైలు ఉన్నాయి. కాగితం ముందు, లెక్కలో చేర్చడం తర్వాత. ఇలా చెప్తే మొహం మాడ్చుకునేవాడు ఎలాగూ నీకు మంచి సబ్‌కాంట్రాక్టర్ కాడు.

మీ కింద పెద్ద కంపెనీలు కూడా సబ్‌లుగా ఉన్నాయి కదా. ప్లాన్ పరిమితి దాటిన సబ్‌కాంట్రాక్టు పెద్ద కంపెనీకి ఇస్తే అదీ సొంత ప్లాన్ పెట్టుకోవాలి, సొంత రిపోర్టు వెయ్యాలి, అది నీ దగ్గరికే వస్తుంది. ఒప్పుకోవడమో తిప్పి పంపడమో నువ్వే చెయ్యాలి. అంటే నువ్వు ఒకవైపు విద్యార్థివి, ఇంకోవైపు పరీక్ష దిద్దేవాడివి. వాళ్ళకి నీ ప్రైమ్ కాంట్రాక్టు నంబరు, మీ యూఈఐ, రిపోర్టు చూసే మనిషి మెయిల్ ఇవ్వాల్సిన బాధ్యత నీదే, క్లాజులోనే ఉంది. పాత ఆవిడ మెయిల్ వాళ్ళ దగ్గర ఉండిపోయి ఉంటుంది. ఈ వారమే అందరికీ ఒక చిన్న ఉత్తరం పంపు. నీ పేరు, మెయిల్, కొత్త వ్యవస్థకి వాళ్ళ యూఈఐ, పాత్రలు సిద్ధం చేసుకోమని నాలుగు వాక్యాలు చాలు. అలాగే ప్రతి కాంట్రాక్టుకీ ఇప్పుడున్న కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ఎవరో ఫోన్ చేసి కనుక్కో. రిపోర్టు వేసేటప్పుడు ఎవరికి కబురు వెళ్ళాలో ఆ మెయిల్ నువ్వే ఇస్తావు. 2025లో ప్రభుత్వ ఉద్యోగాలు ఎంతగా పోయాయో చూశాం, నీ దగ్గరున్న పేర్లలో కొందరు ఇప్పుడు ఆ కుర్చీలో లేరు.

క్లాజుల విషయం క్లుప్తంగా. ప్లాన్ అవసరమయ్యే పరిమితి 2025 అక్టోబర్ 1 నుంచి ఏడున్నర లక్షల డాలర్లనుంచి 9 లక్షలకి పెరిగింది, నిర్మాణ పనులకైతే 15 లక్షలనుంచి 20 లక్షలకి. ప్రభుత్వ కొనుగోళ్ళ నియమాల పుస్తకం ఫార్ మొత్తం తిరగరాత కూడా అదే ఏడాది మొదలైంది. "మాకిక ప్లాన్ అక్కర్లేదుగా" అని ఎవరో ఒకరు నీ బల్ల దగ్గరికి వస్తారు. వార్తలో ఏముందన్నది వేరు, మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టులో 52.219-9, అంటే ఈ ప్లాన్ క్లాజు, ఏ తేదీ వెర్షన్ ఉందన్నది వేరు. మాడిఫికేషన్ వస్తే తప్ప ఆ పాత మాటే నిన్ను కట్టేస్తుంది.

ఇక లక్ష్యం అందుకోలేకపోతే ఏమవుతుందని అడుగుతావు. అందుకోకపోవడం నేరం కాదు. చిత్తశుద్ధితో ప్రయత్నించలేదని కాంట్రాక్టింగ్ ఆఫీసర్ తేలిస్తే అప్పుడు ప్రతి లక్ష్యంలో ఎంత తక్కువైందో అంత సొమ్ము కట్టమనొచ్చు. అందుకే రిపోర్టులో రిమార్కుల గడిని ఖాళీగా వదలకు. ఆడవాళ్ళ కంపెనీలకి 5 శాతం అని రాసిచ్చి 3 దగ్గర ఆగితే, ఎందుకాగింది, ఎవరెవర్ని కొటేషన్ అడిగావు, ఎవరు రాలేదు, వచ్చే ఆరునెలల్లో ఏం చేస్తావు, ఇవన్నీ అక్కడ రాయి. "ప్రయత్నాలు కొనసాగుతున్నాయి" అన్న వాక్యం రాస్తే నేను నీకు అత్తనే కాను. రక్షణ శాఖ కాంట్రాక్టుల్ని చూసే డీసీఎంఏ వాళ్ళు రివ్యూకి వచ్చినప్పుడు ముందుగా అడిగేది ఆ ప్రయత్నాల తాలూకు మెయిళ్ళూ, మీటింగ్ నోట్సే. శామ్‌లో ఎలా నింపావో వాళ్ళకి పట్టదు.

ఐఎస్ఆర్‌కి గడువులు తెలుసు కదా, మార్చి 31 లెక్క ఏప్రిల్ 30లోగా, సెప్టెంబర్ 30 లెక్క అక్టోబర్ 30లోగా. ఎస్ఎస్ఆర్ అక్టోబర్ 30కే. కాంట్రాక్టు ముగిస్తే ముగిసిన 30 రోజుల్లో ఆఖరి ఐఎస్ఆర్ ఒకటి, ఇది అందరూ మర్చిపోతారు. మారిన తర్వాత మొదటి గడువుకి లెక్కలన్నీ మూడు వారాల ముందే తేల్చి పెట్టుకో. లోపలికి వెళ్ళగానే మీ కాంట్రాక్టుల్లో అన్నిటికంటే చిన్నది, వివాదం లేనిది ఒకటి చూసి దాంతో మొదలుపెట్టు. పాత ఆఖరి రిపోర్టు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని కొత్త స్క్రీన్‌లో కాంట్రాక్టు నంబరు, లక్ష్యాలు, ఇంతకుముందటి మొత్తాలు అలాగే వచ్చాయో లేదో గడి గడి చూడు. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఫెడరల్ సర్వీస్ డెస్క్‌లో టికెట్ వెయ్యి, ఆ టికెట్ నంబరు కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కి మెయిల్ చెయ్. రేపు గడువు తప్పిందని ఎవరైనా అంటే నీ దగ్గర తేదీ ఉంటుంది.

వీటన్నిటికంటే ముందుగా మీ కాంట్రాక్టుల పట్టిక ఒకటి తయారుచెయ్యి. కాంట్రాక్టు నంబరు, ప్లాన్ ఉందా లేదా, ఆఖరి రిపోర్టు స్టేటస్, ఆఫీసర్ పేరు. బయటివాళ్ళకి చూపించకూడని వివరాలు తీసేసి ఖాళీ నమూనా నాకు పంపు, గళ్ళు ఎలా పెట్టావో చూస్తాను. శనివారం మధ్యాహ్నం అయితే మీ మావయ్య గోల్ఫ్‌కి పోతాడు, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఆశీస్సులతో,
అత్తయ్య